పదహారు మంది హాజరు

సునంద టీచర్ పొద్దున్నే బడి తాళం తీసి, ఫోన్‌ను టీవీకి కలిపి, తను తయారుచేసిన ఆటపాఠం పెట్టేది. పాఠం మొదలవగానే అందులోని ఎలుగుబంటి, కొండముచ్చు, నెమళ్లు, కుందేళ్లు, అన్నీ కలిపి పన్నెండు, తెర దిగి వచ్చి పిల్లల పక్కన చాపల మీద కూర్చునేవి. లెక్కలయ్యాక మళ్లీ తెర ఎక్కి వెళ్లిపోయేవి. టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న ఆ తండాలో ఎవరికీ అదొక వింత కాదు. వంట చేసే హేమ్లి మాత్రం గొణిగేది.

"మేడమ్, మీ నెమళ్లు బియ్యంల ముక్కు పెడుతున్నయ్. జర చెప్పున్రి."

"అవ్, చెప్తలే."

ఆ పాఠాల కోసం సునంద రెండు వేసవులు ఫోన్‌తో కుస్తీ పట్టింది. తండా పిల్లలకు ఆపిల్ పళ్లు లెక్కపెట్టమంటే ఏం తెలుస్తుంది? బీడీలు చుట్టే తునికాకు కట్ట తెలుసు. కట్టకు యాభై ఆకులు. ఎలుగుబంటి ఆకు కోస్తుంటే పిల్లలు కట్టలు కట్టాలి, లెక్క తప్పితే కొండముచ్చు పళ్లికిలిస్తుంది. మాటలు ముందు లంబాడీలో, తర్వాత తెలుగులో. గొంతు సునందదే.

ఆ ఏడాది పిల్లలు తక్కువగా ఉన్నారని తండా బడినో, వాగవతల రోడ్డు పక్క బడినో మూసి రెండోదాంట్లో కలుపుతారన్న మాట పుట్టింది. టీచర్ల వెబ్‌సైట్‌లో మంచి పాఠాలు పెట్టిన బడికి మొగ్గు ఉంటుందన్నారు. వాగవతలి బడి ప్రసూనది. ఖమ్మంలో ట్రైనింగ్ నాడు ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. తండాలో సిగ్నల్ ఉండదు కాబట్టి సునంద పాఠాలన్నీ ఆమె చేతిలోనే పెట్టింది.

"నీ తాన నెట్టు మంచిగుంటది. నా పేరు మీద ఎక్కియ్యవే."

నెల తిరక్కుండానే టేకులపల్లి మీటింగులో ఆఫీసర్ తిరుపతి సార్ వెబ్‌సైట్ తెరిచి పాఠం వేశారు. ఎలుగుబంటి తెర దిగి, నేరుగా వెళ్లి ప్రసూన పక్కన కూర్చుంది. లెక్క చెప్పే గొంతు సునందది. కింద పేరు ప్రసూనది. హాలంతా చప్పట్లు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది సునంద పని. బయట వరండాలో ప్రసూనను నిలదీసింది.

"గొంతు నాది. పేరెట్ల నీదైంది?"

"నా బడి గూడ పోతది గదా సునందా. నేనేం జెయ్యాలె?"

"మరి నా పిల్లలు? వానకాలం ఆ వాగెట్ల దాటుతరు?"

ప్రసూన కొంగు సర్దుకుంది. "అందరం ఏదో ఒకటి సర్దుకోవాలె."

సునంద ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రసూన ఉద్యోగం మీదికి వస్తుంది. ఈమె చెప్పదని ప్రసూనకూ తెలుసు. సునంద కోపం అందుకే. ఎలుగుబంటి మీద కూడా కోపమొచ్చి, ఇంటి నుంచి పాత చీర తెచ్చి టీవీ మీద కప్పేసింది.

ఏప్రిల్లో తిరుపతి సార్ ఆఖరి లెక్కకు వస్తానన్నారు. పాఠాల మొగ్గు ఎటున్నా, పదహారు పేర్లలో పదిహేను మంది కళ్ల ముందు కనిపిస్తేనే బడి ఉంటుంది. ఎండలు ముదిరి ఆ ఏడాది తునికాకు కోత ముందే మొదలైంది. సార్ వచ్చే రోజున తండా మొత్తం తెల్లవారకముందే పిల్లాజెల్లాతో అడవికి పోయింది. బడికొచ్చింది నలుగురే. సునంద మళ్లీ మళ్లీ తలలు లెక్కపెట్టింది.

ఇంతలో మూడో తరగతి శ్రావణి టీవీ మీది చీర లాగేసి, బల్ల మీది ఫోన్ టీవీకి తగిలించింది.

"ఎవరు పెట్టమన్నరే?"

"ఎన్ని దినాలాయె టీచర్ వాళ్లొచ్చి. పాపం."

పన్నెండూ దిగాయి. ఆడుకోలేదు, బియ్యం వైపు పోలేదు. రాని పిల్లల చోట్లు వెతుక్కుని బుద్ధిగా కూర్చున్నాయి. సార్ వచ్చి రిజిస్టర్ తెరిచారు.

"సక్రి?" నెమలి మెడ ఎత్తింది.

"బిచ్యా?" కుందేలు లేచి నిలబడింది.

"మంగీలాల్?" ఎలుగుబంటి చెయ్యెత్తింది. సార్ కళ్లజోడు మీదుగా చూసి, "ఏందిరా, జల్దీ కటింగ్ చేపిచ్చుకో" అని టిక్కు పెట్టారు.

పేర్లన్నీ అయ్యాక రిజిస్టర్ మూశారు. "ఆకు సీజన్ల పదహారుకు పదహారు! యాడ చూడలే మేడమ్. ఈ బడి ఉంటది. వాగవతలి బడినే దీంట్ల కలుపుతం."

సార్ బండి మలుపు తిరిగేసరికి సునందకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఫోన్ తీసుకుని సిగ్నల్ కోసం గుట్ట మీదికి పరుగెత్తింది. పదేళ్లుగా ఏ సంతోషమొచ్చినా మొదట ఎవరికి చెప్పాలో ఆమె వేలికి తెలుసు. అదే నొక్కింది.

"హలో సునందా! ఇన్ని దినాలకు ఉండబట్టలేక చేసినవా? నాకు తెల్సు, నువ్వే చేస్తవని. చెప్పవే, ఏంది సంగతి?"

ఆ గొంతులో సంబరం విన్నాకే, పోయేది ప్రసూన బడేనని సునందకు గుర్తొచ్చింది. అవతల ప్రసూన హలో, హలో అంటూనే ఉంది.