రాహుకాలంలో ఆగిన భాగాహారం

కాటన్‌పేటలో ఉండే లెక్కల మేష్టరు వెంకటగిరియప్పకు ఆ ఆదివారం కూర్చుంటే కుదురు లేదు, నిలుచుంటే నిలకడ లేదు. కారణం ఒక సంఖ్య.

ఒకటిని ముప్పైరెండుసార్లు రెట్టించుకుంటూ పోయి, చివర శుభానికన్నట్టు ఒకటి కలిపితే నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండువందల తొంభై ఏడు వస్తుంది. పదహారుసార్లే రెట్టించి ఒకటి కలిపినది ఒకటికీ తనకూ తప్ప దేనికీ లొంగదు. ఎనిమిదిసార్లదీ అంతే, నాలుగుసార్లదీ అంతే. కాబట్టి ఇదీ లొంగదని మేష్టరు తేల్చేశాడు. తేల్చి ఊరుకున్నాడా? యుద్ధంనాటి చింతగింజల కాఫీ తాగుతూ బట్టలకొట్టు బైరప్పతో పంతానికి పోయాడు.

“ఎంత పెద్ద మానైనా యాడో ఒకచోట గొడ్డలి దిగుతాదప్పా,” అన్నాడు బైరప్ప.

“దిగితే ఈ మీసం తీయించుకుంటా!”

నోరు మన చేతిలో ఉంటే ఇన్ని తిప్పలెందుకు? ఆనాటినుంచి ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటే తీసుకుని పలకమీద భాగిస్తూ వచ్చాడు. ఇంకా వేలకు వేలు మిగిలే ఉన్నాయి గానీ, ఏడువందలు దాటేసరికి ధీమా వచ్చింది. దానితోపాటే తలుపుకు గొళ్ళెం పెట్టామో లేదో అన్నటువంటి గుబులూ పట్టుకుంది.

ఆదివారం పొద్దున గుర్తొచ్చింది. ఆరువందల నలభై ఒకటి! దాని వంతు వచ్చినప్పుడు రాహుకాలం తగిలింది. రాహుకాలంలో కొత్తది ఎవరు మొదలుపెడతారు? లేచి మార్కెట్టుకు పోయి, వంకాయలు తెచ్చి, ఆ తరువాతి సంఖ్యతో కూర్చున్నాడు.

ఇప్పుడు భాగించాడు. శేషం సున్న. తుడిచి మళ్ళీ చేశాడు. సున్నే.

బైరప్పకు గజంబద్ద తప్ప భాగాహారం తెలియదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ తనకు తెలుసే! పోనీ తీయించుకుందామంటే తల్లి కదిరమ్మ బతికుంది. కన్నవాళ్ళు పోతేగాని మగవాళ్ళు మీసం తీయని ఇల్లది. ఎనభై ఏళ్ళ మనిషికి కీడు తలపెట్టినట్టవుతుందని ఆయనకు నిజంగానే భయమేసింది.

“ఏమిరా, కాలు కాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావు?” అంది కదిరమ్మ.

“ఏమీ లేదమ్మా,” అని చొక్కా తగిలించుకుని బయటపడ్డాడు.

క్షౌరం చేసే చిక్కమునియప్ప, మీసం తీసేయమన్న మాట విని కత్తి కింద పెట్టేశాడు. “అయ్యో, అమ్మ ఎప్పుడు పోయిందప్పా?”

“పోలేదు. గొరుగు,” అన్నాడు మేష్టరు. కళ్ళు గట్టిగా మూసుకుని మూతి ముందుకు పెట్టాడు.

మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరాడు. కదిరమ్మ దగ్గరికి పిలిచి తువ్వాలు లాగేసింది. సంఖ్య, పంతం, తన పొరపాటు, ఏదీ దాచకుండా చెప్పి తలవంచుకున్నాడు. ఆమె బోడి పెదవిని వేలితో తడిమి చూసింది.

“నేను పోయిన దినం నీ మొగం ఎట్లుంటాదో అని శానా దినాలుగా అనుకుంటా ఉంటి. చూస్తిని పో. ఇట్లా పసిబిడ్డ మాదిరి అయిపోతావే, అప్పుడు నీకు అన్నం ఎవురు పెడతారురా?”