కొంగుముడిలో జోలపాట

పిల్లలూ, ఇష్టమైన పాటను మీరు ఎక్కడ దాచుకుంటారు? ఫోన్లోనా? అయితే ఇది వినండి.

మన వెనక గల్లీ భూలక్ష్మి రోజూ పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని, బోరబండ నుంచి రాయదుర్గం దాకా ఆఫీసు తుడవడానికి పోతుంది. అందరూ కొంగున చిల్లర ముడేసుకుంటే ఆమె పాటలు ముడేసుకుంటుంది. ముడి విప్పితే విన్నది విన్నట్టు వినిపిస్తుంది. మళ్లీ ముడేస్తే మళ్లీ దాగుతుంది. కొంగు తడిస్తే మాత్రం ఆ పాట ఇక లేనట్టే.

ఆమె కూతురు రోహిణి తన బిడ్డ కోసం కట్టిన జోలపాటను ఒక పాటల యాప్‌లో పాడి పెట్టింది. తల్లి ముడేసుకుంటానంటే నవ్వింది.

"ఫోన్ల దించిన గదనే అమ్మా, నీ కొంగుకెందుకు బరువు?"

రోహిణి జ్వరంతో పోయింది. ఆమె బిడ్డ, నాలుగేళ్ల కృష్ణప్రియ ఆనాటి నుంచి మాట్లాడలేదు. ఫోన్లో అమ్మ పాట వింటూ పెదవులు మాత్రం కదిపేది. ఫోన్ ఉంది కదా అని భూలక్ష్మి అప్పుడూ ముడేయలేదు. ఆ ఫోన్ కాస్తా నీళ్ల బకెట్లో పడి చచ్చింది. కొత్త ఫోన్లో పాట తెరుచుకోలేదు.

ఆఫీసులో ఇంజనీరు మధుకర్‌ను అడిగింది.

"సారూ, నా బిడ్డ పాట నాకే తెరుచుకుంటలేదేంది?"

"నకలు తీయొద్దని తాళమేసిన్రమ్మా. పాత ఫోన్ల తప్ప తెరుచుకోదు."

"కన్నది నేను, తాళం వాళ్లదా?"

మధుకర్ తన కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. "ప్రకటనలతోటైతే నెట్‌ల వినొచ్చు. అవి లేకుండ వినెతందుకు పైసలు కడ్తమన్నా తీసుకుంటలేరు. రేపటితోటి యాపే మూసేస్తున్నరు."

ఆ మధ్యాహ్నం మూడుసార్లు వింది. మూడుసార్లూ పాట మధ్యలో సబ్బు ప్రకటన దూరింది. "జర ఆగరాదే తల్లీ" అని ప్రకటనలో మాట్లాడే ఆవిడను భూలక్ష్మి బతిమాలింది కూడా. చివరికి సబ్బుతో సహా ముడేసుకుంది.

ఇంటికొచ్చి మనవరాలి ముందు విప్పింది. మొదటి చరణం కాగానే నురగ సంగతి మొదలైంది. భూలక్ష్మి సిగ్గుపడి కొంగు పిడికిట్లో నొక్కబోయింది.

అప్పుడు కృష్ణప్రియ నోరు తెరిచింది. సబ్బు మాటల మీదుగా రెండో చరణం తానే అందుకుంది. ఏడాదిగా వాడని గొంతు కదా, బొంగురుగా ఉంది. ప్రకటన అయిపోయి తల్లి గొంతు తిరిగొచ్చేసరికి పిల్ల పాటలో రెండు పాదాలు ముందుంది. ఆగింది. అమ్మ తనను అందుకునేదాకా ఎదురుచూసింది.

ఇప్పుడా పిల్ల బడిలో పాఠం గట్టిగా చదువుతుంది. పాట మధ్యలో ఆగడం మాత్రం మానలేదు.

సరే, లేస్తాను. భూలక్ష్మి చేయి విరిగి కట్టులో ఉంది, ఆమె చీర మన బకెట్లో నానుతోంది. కొంగు బయటికి వేలాడేసి వచ్చాను. నేను ఉతికి ఆరేసేదాకా ఎవరూ అటు నీళ్లు చల్లకండి.