రెండు వెలుగుల మధ్య పోగు

టెలిస్కోపు మూతి మీద తెల్లగుడ్డను ముడతలు లేకుండా లాగి, చుట్టూ రబ్బరు పట్టీ బిగించిందామె. గుడ్డ ఏ మూల కాస్త వదులైనా పనికిరాదు. ఆ సంగతి ఆమె వేళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు; పొద్దస్తమానం గుడ్డతోనే బతికే వేళ్ళవి. తూర్పున ఆకాశం ఇంకా రంగు తేలలేదు. బూడిదరంగులో, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే తీరుగా ఉంది. ఆ ఒకే తీరు వెలుతురే ఆమెకు కావాలి. తెల్లగుడ్డలోంచి దాన్ని ఫొటో తీస్తే అందులో చుక్కలుండవు, మబ్బులుండవు. కెమెరాలో ఎక్కడ దుమ్ము పడిందో, ఏ మూల నలుపెక్కిందో అది మాత్రమే కనిపిస్తుంది. రాత్రి తీసిన ఫొటోల్లోంచి ఆ దుమ్మును తర్వాత కంప్యూటరు చేత తీసేయించాలి.

"వదినా! టీ చల్లారిపోతోంది. మళ్ళీ వేడి చెయ్యను, ముందే చెబుతున్నా!" తమ్ముడి భార్య కేక మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"చల్లటిదే తాగుతాలే అమ్మాయ్. ఈ వెలుతురు ఇప్పుడు పోతే మళ్ళీ రేపటిదాకా రాదు."

"టీ కూడా అంతే!"

ఆమె నవ్వుకుంది. ఆ రోజు ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

వీధిలో ఆమెను చుక్కలత్త అంటారు. ఎవరో పిల్లలు వెక్కిరింపుగా పెట్టిన పేరు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వెక్కిరింపు మాసిపోయింది, పేరు మిగిలింది. తండ్రి పోయిన ఏడు ఆమె బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. తమ్ముడి చదువు అయింది, ఉద్యోగమయింది, పెళ్ళయింది. ఆమెకూ పెళ్ళిమాటలు వచ్చాయి గానీ, వచ్చినవాళ్ళు ముందు మిషను ఎన్ని గంటలు తొక్కుతుందని అడిగి, తర్వాత ఆమె మొహం చూశారు. ఒకసారి అలా అడిగినాయన్ను "మీరెన్ని గంటలు తొక్కుతారు?" అని ఆమె తిరిగి అడిగింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

టెలిస్కోపు ఆమె ఇంటికి ఒక్కసారిగా రాలేదు. ఒక ఏడు గొట్టం, ఒక ఏడు అద్దం, ఆకాశంతో పాటు మెల్లగా తిరిగే మోటారు మరికొన్నేళ్ళకు. అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. కెమెరా కూడా ఒక ఫొటోస్టూడియో మూసేస్తుంటే తెచ్చుకున్నది. డాబా మూలన వాటిని కప్పే సంచి ఆమే కుట్టింది, ఏనుగుకు చొక్కాలాగా ఉందని తమ్ముడు అన్నాడు.

గత మూడు చలికాలాలుగా ఆమె ఆకాశంలో ఒకే చోటును ఫొటో తీస్తోంది. అక్కడ రెండు గెలాక్సీలున్నాయి. మామూలు కంటికి ఆ చోట ఏమీ లేదు. కెమెరాను చాలాసేపు తెరిచి ఉంచి, అలా తీసిన వందల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఎవరో ఊది వదిలిన ఆవిరిలా రెండు మసకలు తేలతాయి. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. ఆ లాగుడుకు ఒకదానిలోంచి చుక్కలు జారి, రెండోదాని వైపు సన్నటి పోగులా సాగాయి. ఆ పోగు కోసమే మూడు చలికాలాలు. మొదటి ఏడు లేదు. రెండో ఏడు ఉందో లేదో తెలియలేదు. మూడో ఏడు కనిపించినప్పుడు ఆమె కంప్యూటరు ముందు నుంచి లేచి, నీళ్ళు తాగి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చూసింది. ఉంది.

టెలిస్కోపుకు సంచి తొడిగి మెట్లు దిగుతూ ఆమె మధ్యలో కాసేపు కూర్చుంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. "ఆకాశం మా కింది గదిలోకి దిగొస్తుందా అండీ?" అని ఆయన్నే అడిగి వచ్చింది. గుండెల్లో బరువు కాస్త సర్దుకున్నాక లేచి, చల్లటి టీ తాగి, పనికి బయల్దేరింది.

రెడీమేడ్ బట్టల దుకాణంలో వెనకగది ఆమెది. పొడవైన ప్యాంట్లు, వదులైన నడుములు, బిగుతైన చేతులు కుప్పగా వస్తాయి. కొన్నవాడు బయట అద్దం ముందు నిలబడి ఉండగానే ఆమె అంచు మడిచి, కుట్టి, ఇస్త్రీ పెట్టి పంపాలి. కుట్టు బయటికి కనిపించకూడదు. కనిపించనంత బాగా కుట్టిన కుట్టును ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే ఎవరికీ కనిపించదు కదా! ఏదైనా పోగు ఊడితే మాత్రం గదిలోకి తోసుకొచ్చి మరీ అరుస్తారు.

"ఏమ్మా, ఈ రోజు నీ బొమ్మ లైబ్రరీలో పెడుతున్నారంటగా?" దుకాణం యజమాని తలుపులోంచి తల పెట్టాడు. "పైన ప్యాంటు పొడవైన వాళ్ళెవరైనా కనిపిస్తే మన దుకాణం అడ్రసు చెప్పు మరి."

"పైవాళ్ళకి కొలతలు సరిగ్గానే ఉన్నాయి సార్. కిందివాళ్ళకే తేడాలు."

"అబ్బో!" అని ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రం ఒక గంట ముందు వదలమని ఆమె అడిగినప్పుడు మాత్రం ఆయనకు నవ్వు రాలేదు. "సరే, మధ్యాహ్నం తిండి టైములో కూడా పని చెయ్యి" అన్నాడు.

ఆమె తిండి టైములో పని చేయలేదు. అన్నం మానేసి ప్రెస్సుకు వెళ్ళింది. ఆ రెండు గెలాక్సీల ఫొటోను లైబ్రరీ చదువుగదిలో గోడంత బొమ్మగా పెట్టుకుంటామని లైబ్రేరియనే స్వయంగా వచ్చి అడిగాడు. గుడ్డ మీద అచ్చు వేయమని ప్రెస్సులో ఫొటో ఇచ్చి వారమైంది. అచ్చు ఎలా వచ్చిందో ఆమె ఇంకా చూడలేదు.

ప్రెస్సాయన దుకాణాల బ్యానర్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని అంచులకు తాడు కట్టే రేకు రింగులు బిగిస్తున్నాడు. "రా చుక్కలత్తా! నీ బొమ్మ పొద్దున్నే తీసుకెళ్ళి తగిలించేశాం. చూడాలంటే ఇదిగో, కంప్యూటర్లో ఉంది."

"నేను నీకు అత్తనేంటయ్యా? నీ జుట్టు నాకంటే ముందు నెరిసింది" అంటూ ఆమె తెర ముందుకు వంగింది.

నల్లటి ఆకాశం నిగనిగలాడుతోంది. చుక్కలు మిలమిల మెరుస్తున్నాయి. గెలాక్సీలు రెండూ రెండు ముద్దల్లా ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. తుడిచిన పలకలా నల్లగా ఉంది.

"ఇక్కడ ఒకటుండాలి" అంది ఆమె. రెంటి మధ్య వేలు పెట్టి చూపించింది.

"ఆ గీతేగా? గీసుకుపోయిన మరకలా ఉందని తీసేశా. ఇంకా చుట్టూ చిన్న చిన్న మసకలుంటే అవీ తుడిచేశా. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు! రెండు గంటలు కూర్చున్నా తెలుసా?"

"నిన్ను తుడవమని ఎవరడిగారు?"

"అడగాలా? పెళ్ళిఫొటోల్లో మొహాల మీద మచ్చలు తుడుస్తా. ఎవరూ అడగరు, అందరూ సంతోషిస్తారు."

"నువ్వు తుడిచింది మచ్చని కాదయ్యా. పెళ్ళికూతురి ముక్కు తీసి పారేశావు!"

బ్యానర్ల దగ్గర పనివాడొకడు కిసుక్కున నవ్వాడు. ప్రెస్సాయనకు రోషం వచ్చింది. "దుమ్మని నువ్వు మాత్రం తుడవవా? నువ్వేగా చెప్పావు, తెల్లారి గుడ్డ కట్టి ఫొటో తీసి దుమ్ము పోగొడతానని?"

"దుమ్మో కాదో తేల్చుకుని తుడుస్తాను. కెమెరాను పక్కకు తిప్పి తీశాను, తలకిందులుగా తిప్పీ తీశాను. దుమ్మయితే కెమెరాతో పాటే తిరుగుతుంది. ఇది తిరగలేదు. ఎక్కడున్నది అక్కడే ఉంది. అంటే పైన ఉంది. మనుషులనేవాళ్ళు పుట్టకముందు బయల్దేరిన వెలుతురది. అంత దూరం నుంచి పడుతూ లేస్తూ మా డాబా మీదికొచ్చింది. నీ దగ్గరికి రాగానే చచ్చిపోయింది."

"చూసేవాళ్ళకి అది కనిపించదు తల్లీ. మరక అనుకుంటారు."

"అనుకోనీ! అనుకుని దగ్గరికొచ్చి చూస్తారు. చూడనీ!"

  ఆమె మళ్ళీ అచ్చు వేయమంది. మిషను ఖాళీ లేదన్నాడు. సాయంత్రం సభ ఉందంది. అందుకే అయ్యే పని కాదన్నాడు. ఆమె అక్కడి నుంచి నేరుగా లైబ్రరీకి నడిచింది.

లైబ్రేరియను మంచివాడే. మంచివాళ్ళతో ఉన్న చిక్కేమిటంటే వాళ్ళమీద గట్టిగా అరవలేం. ఆయన కుర్చీలు వరసలుగా సర్దిస్తూ ఆమె చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. "నిజమేనమ్మా, పొరపాటే. కానీ పిలవాల్సినవాళ్ళందర్నీ పిలిచేశాం. ఖాళీ గోడ చూపిస్తే ఏం బాగుంటుంది? చూడ్డానికి అందంగానే ఉందిగా! మీ పేరు కూడా కింద పెద్దక్షరాల్లో వేయించాను."

"పోగు లేకుండా వద్దండీ. దించేయండి."

"ఇప్పుడెలా దించుతాం? ఈ ఒక్కరోజుకి సర్దుకోండమ్మా."

సర్దుకోవడం! ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. నడుము లావైతే ప్యాంటు సర్దుకోవాలి. తమ్ముడి చదువు కోసం ఆమె బడి సర్దుకోవాలి. మరదలికి బట్టలారేసుకోవడానికి తీగ కావాలంటే టెలిస్కోపు సర్దుకోవాలి. ఆఖరికి లెక్కలేనన్ని చుక్కలు కూడా, ఒక సాయంత్రం సభ కోసం సర్దుకోవాలి.

ఆమె మళ్ళీ దుకాణానికి వెళ్ళి కుప్పంతా కుట్టింది. ఒక్క అంచు కూడా వంకర పోలేదు. చెప్పిన వేళకు లేచి, సంచి భుజాన వేసుకుని సభకు వచ్చి చివరి వరసలో కూర్చుంది.

ఊరి పెద్ద ఒకాయన తెర లాగాడు. చప్పట్లు మోగాయి. "ఎంత స్వచ్ఛంగా ఉందండీ! ఒక్క మరక లేదు!" అన్నాడాయన. నాలుగు మాటలు చెప్పమని ఆమెను ముందుకు పిలిచారు. నలుగురిలో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. మైకు దగ్గర నిలబడితే తన ఊపిరే పెద్దగా వినిపించింది.

"ఇది నేను తీసింది కాదు" అంది.

ముందువరసలో ఎవరో నవ్వారు. సిగ్గుపడుతోందనుకున్నారు.

"నేను తీసినదాంట్లో ఈ రెంటికీ మధ్య ఒక పోగుంది. దాన్ని తుడిచేశారు. అది లేకపోతే ఇవి పక్కపక్కన పడున్న రెండు ముద్దలు. ఒకదానికొకటి ఏమీ కావు."

"అమ్మా, కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం" లైబ్రేరియను చెవి దగ్గర బతిమాలాడు. ఊరి పెద్ద గడియారం చూసుకున్నాడు.

ఆమె కూర్చోలేదు. సంచిలోంచి కత్తెర తీసి గోడ దగ్గరికి నడిచింది. "అయ్యో, అయ్యో" అన్నారెవరో. బొమ్మను ఆమె ముట్టుకోలేదు. అడుగున పేరున్న పట్టీని మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు, సుద్దగీత గీసుకున్నట్టు తిన్నగా కత్తిరించింది. కత్తిరించాక తెగిన అంచు నుంచి పోగులు లేవడం చూసింది. చూసి వదిలేయలేకపోయింది. సంచిలోంచి సూది దారం తీసి, అందరూ చూస్తుండగా అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. సభ మెల్లగా చెదిరిపోయింది. ఊరి పెద్ద ముందే వెళ్ళిపోయాడు. ఆమె కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, పేరున్న పట్టీని చుట్టి సంచిలో పెట్టుకుంది.

బయట మెట్ల మీద ప్రెస్సాయన నిలబడి ఉన్నాడు. తగిలించిన మేకులు చూసుకోవడానికి వచ్చాడట.

"గట్టిదానివే" అన్నాడు.

"నీ కంప్యూటర్లో నేనిచ్చిన ఫొటో ఉందా, అదీ తుడిచేశావా?"

"ఉంది. రాత్రికి బ్యానర్లు అయిపోతాయి. రేపు సాయంత్రానికి వేసిస్తాలే."

"ముట్టుకోకుండా?"

"ముట్టుకోను తల్లీ! చెయ్యి వెనక్కి కట్టుకుని వేస్తా, సరేనా?"

"కింద నాలుగు వేళ్ళ బట్ట వదులు. అంచు నేను మడుచుకుంటా."

ఆమె ఇంటికి వెళ్ళింది. మరదలికి అప్పటికే అంతా తెలిసిపోయింది. "పరువు తీశావంట కదా వదినా" అంటూనే కంచంలో అన్నం వేడిగా పెట్టింది. తమ్ముడు తల ఎత్తకుండా తిన్నాడు. చివరికి, "ఎవరికీ కనిపించనిదాని కోసం ఇంత గొడవెందుకక్కా?" అన్నాడు.

"నాకు కనిపించిందిరా" అంది ఆమె.

పైన మబ్బు పట్టింది. ఆ రాత్రి డాబా ఎక్కే పని లేదు. ఆమె సంచి మేకుకు తగిలించి, దీపం ఆర్పి పడుకుంది.

తెల్లవారి మరదలు టీ పెట్టి కేకేసింది. రెండోసారీ కేకేసింది. మళ్ళీ వేడి చెయ్యనని బెదిరించింది. తర్వాత గది తలుపు తోసి, లోపలికి వెళ్ళి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

దుకాణం యజమాని వెనకగదికి వేరే మనిషిని చూసుకున్నాడు. కుప్ప ఆగదు కదా. లైబ్రరీ గోడ మీద పేరు లేని బొమ్మ అలాగే ఉంది. వచ్చినవాళ్ళు చూసి శుభ్రంగా ఉందంటారు. ప్రెస్సాయన కొత్త అచ్చు తీసుకుని వెళితే లైబ్రేరియను మొహమాటంగా చేతులు నలుపుకున్నాడు. గోడ మీద ఒకటి ఉందిగా, రెండోది ఎక్కడ పెడతామన్నాడు. ప్రెస్సాయన ఏదో తిట్టాడట, ఏమని తిట్టాడో ఎవరూ చెప్పలేదు. ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే తమ్ముడు ఇప్పుడు వద్దన్నాడు, తర్వాత వచ్చి తీసుకుంటానన్నాడు. ఇంకా రాలేదు.

ప్రెస్సులో తలుపు వెనక, మూతపడిన దుకాణాల పాత బ్యానర్ల పక్కన, ఆ గుడ్డచుట్ట గోడకు ఆనించి ఉంది. దాని అడుగున నాలుగు వేళ్ళంత తెల్లబట్ట, అచ్చు పడకుండా, మడిచే చేతుల కోసం వదిలి ఉంది.