మేఘ ఇవ్వని తలనీలాలు

వేడినీళ్లు నెత్తిన పోసుకోగానే వెంట్రుకలు జారడం మొదలైంది.

మెడ మీంచి, వీపు మీంచి, నడుము దాకా... చీమలు పాకినట్టు. మేఘ కళ్లు మూసుకుంది. తలలో చెయ్యి పెట్టి తీస్తే వేళ్ల నిండా నల్లగా, తడిగా. పదును మీదున్న చేలో వేరుశనగ చెట్టు పట్టుకుంటే వచ్చేసినట్టు. ఏ అడ్డూ లేకుండా. వేరుతో సహా.

నొప్పి లేదు.

నొప్పి ఉన్నా బాగుండేది.

ఎనిమిది నెలల కిందట బెంగళూరులో ఆమెకు ఆపరేషన్ చేశారు. సన్నబడడానికి కడుపును కోసి చిన్న సంచి అంత చేశారు. అప్పుడామె నూటపద్దెనిమిది కిలోలు. ఇరవై ఏడేళ్లకే షుగరు. తిరుమణి సోలార్ పార్కులో కంట్రోల్ రూమ్ ఉద్యోగం... ఆ మూడు మెట్లు ఎక్కినా రొప్పు వచ్చేది. ఇప్పుడు డెబ్బై ఆరు. మెట్లున్నట్టే తెలియడం లేదు. చుడీదార్లకు రెండేసి సార్లు కుట్లు వేయించినా జారిపోతున్నాయి.

జుట్టూ జారిపోతోంది.

"మూడో నెలలో రాలడం మొదలవుతుంది, ఆరో నెలకు ఆగుతుంది" అన్నాడు డాక్టరు. ఆరో నెల వచ్చింది. పోయింది. ఏడు... ఎనిమిది... ఫోన్ చేస్తే, "ప్రొటీన్ తినాలమ్మా" అన్నాడు. ఎలా తింటుంది? సగం ఇడ్లీకే గొంతు దాకా నిండిపోతుంది. గుడ్డు తింటే వాంతి. పొడి కలిపిన పాలు తాగితే వాంతి.

బడిలో పిల్లలు పెట్టిన పేర్లన్నీ మేఘకు గుర్తే. బస్తా. రోడ్డు రోలరు. కానీ వెనక నుంచి చూసినవాళ్లు ఒక్క క్షణం ఆగేవాళ్లు. నడుము దాటిన జడ. పిడికిట్లో పట్టనంత జడ. "జడ చూడప్పా!" అనేవాళ్లు. ఎవరైనా ఫోటో తీస్తుంటే మేఘ పక్కకు తిరిగి, జడను ముందుకు వేసుకునేది. ఒళ్లంతా దాని వెనకే దాచుకున్నట్టు.

తనలో తనకు నచ్చింది అదొక్కటే.

దాన్నే తల్లి తిప్పమ్మ మొక్కుకుంది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ తల్లి వరండాలో బెంచీ మీద కొంగు మెలిపెడుతూ కూర్చుంది. నా బిడ్డ ప్రాణంతో బయటికొస్తే దాని తలనీలాలు ఇప్పిస్తానని తిరుపతి దేవుడికి దండం పెట్టుకుంది. ఇంటికి వచ్చాక చెప్పింది. కుట్లు గుంజుతున్నా మేఘ లేచి కూర్చుంది.

"నన్నడక్కుండా నా జుట్టెట్లా మొక్కుకుంటివి మా? ఇంకేమన్నా అడుగు, ఇస్తా. జుట్టు మాత్రం ఇయ్యను."



మూడో నెల నుంచీ దిండు మీద వెంట్రుకలు. బండల మీద వెంట్రుకలు. ఆఫీసులో కీబోర్డు మీద వెంట్రుకలు. కంట్రోల్ రూమ్ కిటికీలోంచి చూస్తే, తండ్రి నారప్ప పార్కుకు కౌలుకిచ్చిన చేను. ఇప్పుడు చేను కాదు. కొండ దాకా నల్లటి సోలార్ పలకలు, మధ్యలో పాపిళ్లలాంటి మట్టిదారులు. అద్దంలో తన పాపిడి కూడా అలాగే, రోజురోజుకూ వెడల్పవుతూ...

పక్కింటి నల్లమ్మ గడపలోనే నిలబడి అడిగింది.

"ఏంది మేఘా, ఇంత చిక్కిపోయినావు? నెత్తి కూడా పల్చనాయె. ఏమన్నా పెద్ద జబ్బా?"

లావుగా ఉన్నప్పుడు నవ్వారు. ఇప్పుడు జాలిపడుతున్నారు.

నవ్వే నయం.

ఆ ఉదయం ఆమె వేడినీళ్లు పోసుకుని వచ్చేసరికి తిప్పమ్మ చీపురుకు చుట్టుకున్న వెంట్రుకలు లాగుతోంది. లాగుతూనే అనేసింది, గోడతో చెప్పినట్టు.

"ఇయ్యమంటే ఇయ్యకపోతివి. ఆయప్పే తీసుకుంటా ఉండాడు."

మేఘ విసిరిన దువ్వెన గోడకు తగిలి రెండు ముక్కలైంది.

"అంత భయముంటే నీ జుట్టే ఇచ్చుకో పో! నన్నెందుకు సతాయిస్తావు?"

మర్నాడు పొద్దున ఇంట్లో తల్లి లేదు.

"అమ్మ యాడికి పోయింది నాయనా?"

నారప్ప తలెత్తలేదు. "బస్సెక్కిందిమ్మా. తిరుపతికి పోతానని చెప్పింది."

మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చింది. గుండు. దాని మీద ఎండి పగుళ్లిచ్చిన గంధం. చెవులు పెద్దవిగా, మొహం చిన్నదిగా... యాభై రెండేళ్ల తిప్పమ్మ బడికి పోయే పిల్లలా ఉంది. చేతిలో లడ్డు పొట్లం.

"నీ బదులు నేనిచ్చినా. ఇంగ నిలబడతాదిలే" అంది.

మేఘ చిటికెడు లడ్డు నోట్లో వేసుకుంది. తీపి దిగీదిగకముందే వాంతి. పెరట్లోకి పరుగెత్తింది. ప్రసాదం కూడా నిలవలేదు.

జుట్టూ నిలవలేదు.

రోజూ ఆమె తల దువ్వుకునే వేళకు తిప్పమ్మ వచ్చి నిలబడేది. అడిగేది కాదు. చూసేది. మేఘ పిడికిలి మూసేది.

"తగ్గింది మా."

అబద్ధం. పిడికిలి నిండా అబద్ధం.

తిప్పమ్మ తల మీద కొంగు మాత్రం తియ్యదు. పొయ్యి దగ్గరా కొంగే. నిద్రలోనూ కొంగే. గుండుకు సిగ్గుపడుతోందనుకుంది మేఘ. నేనన్న మాటకే కదా... 'తప్పయింది మా' అన్న ఒక్క మాట నోట్లోనే ఉండిపోయింది. లోపలికి పోదు. బయటికి రాదు.

రెండు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం. ఎండ. ఎండతో పాటు గాలి. తిప్పమ్మ అరుగు మీద కూర్చుని రాగులు చెరుగుతోంది. రెండు చేతులూ చేట మీదే ఉన్నాయి. గాలికి కొంగు జారింది.

మేఘ చూసింది.

నల్లగా. దట్టంగా. అంగుళం ఎత్తున. అక్కడక్కడ తెల్లవి. వాన పడ్డ వారానికి లేచిన పైరులా... ఒక్క చోట కూడా ఖాళీ లేకుండా.

తిప్పమ్మ చేట వదిలేసింది. రాగులు అరుగంతా చిమ్మాయి. రెండు చేతులతో తల కప్పుకుంది, దొంగసొత్తు దాచుకున్నట్టు.

"చూడాకు మేఘా..." అంది. "నేనేం చేసేది? వద్దన్నా మొలస్తా ఉండాది."

మేఘ వెళ్లి పక్కన కూర్చుంది. తల్లి చేతుల్ని ఒక్కొక్కటే తీసింది. ఆ తల మీద అరచెయ్యి ఆనించింది.

గరుగ్గా. వెచ్చగా. లాగినా రానంత గట్టిగా.

తియ్యాలో, ఉంచాలో తెలియక చెయ్యి అక్కడే ఉండిపోయింది...