గ్వానాహ్వాతోకి ముందే వెళ్ళిపోయిన సంచి

బుధవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి సంచి గ్వానాహ్వాతో ఊరికి బయల్దేరిపోతుంది. మనుషులు ఇంకా ఉప్మా తింటున్నారు.

అసలు ప్లాను శుక్రవారానికి. మూడ్రోజుల ట్రిప్పు, ఇంటిల్లిపాదీ. ఈ పరాయి దేశంలో హైమ వాళ్ళుండే గ్వాదలహారా నుంచి బస్సులో నాలుగు గంటలే. కానీ పంచాంగం హైమ అత్తగారు రాజ్యలక్ష్మి చేతిలో ఉంది, అందులో శుక్రవారం పొద్దున వర్జ్యం, బుధవారమేమో భేషుగ్గా ఉంది. బుధవారం ఆఫీసుంది, కాలేజీ ఉంది. అందుకని ప్రస్థానం పెట్టారు. అంటే వెళ్ళేవాళ్ళ వస్తువు ఒక్కోటి సంచిలో వేసి, మంచి గడియలో పక్కింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైపోయినట్టే, మనుషులు తర్వాత తీరిగ్గా పోవచ్చు.

సంచిని ఎదురు ఫ్లాట్ కార్మెన్ ఆంటీ ఇంట్లో పెట్టారు. అది కుర్చీలో రెండు నిమిషాలు కూర్చుని, దిగి, లిఫ్టెక్కింది.

"కాఫీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు," అంటుంది కార్మెన్ ఆంటీ తలుపు దగ్గరికొచ్చి. "బస్సు టైమైందట."

"ప్రస్థానం బాగా పట్టింది," అని అత్తగారు మురిసిపోతుంది.

మధ్యాహ్నానికి సంచి చేరిపోతుంది. అందులో హైమ భర్త సీతాపతి కళ్ళజోడు ఉంది కాబట్టి అతని చూపు కూడా అక్కడికి చేరిపోతుంది. కళ్ళజోడు లేక ఆఫీసు మానేసి, సోఫాలో కూర్చుని టీవీ వైపు తిరిగి, గ్వానాహ్వాతో ఊరిని చూస్తుంటాడు. అత్తగారి మోకాలి పట్టీ కూడా ఉంది, అందుకని ఆవిడ మోకాళ్ళు అక్కడి సందుల్లో మెట్లెక్కుతున్నాయి, ఇక్కడ ఆవిడకి నొప్పి లేదు, లేచి నిలబడ్డానికీ లేదు. కూతురు ధృతి జుట్టు ఆ ఊరి గాలికి ఎగురుతోంది, జడ రబ్బరు బ్యాండు వెళ్ళింది మరి.

హైమకి మాత్రం ఏమీ అవ్వట్లేదు.

మూడు వారాలుగా ఈ ప్లాన్ వేసిందే హైమ. ఏ సందులో ఎన్ని మెట్లున్నాయో అత్తగారి కోసం ఫొటోలు పెద్దవి చేసి మరీ లెక్కపెట్టింది. ఊరి కింద సొరంగాల్లో కార్లు పోతాయి, పైన కొండ నిండా ఇళ్ళు, ఒక ఇంటి రంగు ఇంకో ఇంటికి లేదు. పెళ్ళికి ముందు ఆమె ఫైనార్ట్స్ కాలేజీలో రెండేళ్ళు బొమ్మలేసింది. తర్వాత ఇరవై రెండేళ్ళు, మారిన ప్రతి అద్దె ఇంట్లోనూ క్రీమ్ కలర్ గోడలే. ఆమెకి కావాల్సింది ఒక్క గంట. ఆ కొండకి ఎదురుగా కూర్చుని ఆ రంగులు చూడాలి. మిగతా మూడ్రోజులూ మీరే తీస్కోండి అని ముందే చెప్పేసింది.

"కొండ కనిపిస్తోందా?" అని అడుగుతుంది.

"ఆఁ, ఎదురుగానే," అంటాడు సీతాపతి.

"ఇళ్ళు ఏ రంగులు?"

"రంగులే. పసుపు టైపు, ఎరుపు టైపు. పెళ్ళి షామియానాలా ఉందనుకో. ఒక నీలం కూడా ఉంది."

"ఏ నీలం?"

"నీలం నీలమే హైమా, ఏంటీ ఎంక్వైరీ?" సీతాపతి ఆగి, ముందుకి వంగుతాడు. "అరె. నేను చూసేసిన ఇళ్ళన్నీ క్రీమ్ కలర్ అయిపోతున్నాయి."

"అయ్యో, కళ్ళు మూసుకోండి!"

"మూసుకున్నా. అక్కడ తెరిచే ఉన్నాయి."

కాలేజీ నుంచి వచ్చేసిన ధృతి తల్లి వైపు తిరుగుతుంది. "అమ్మా, సంచిలో నీది ఏం పెట్టావ్?"

హైమ గుర్తు తెచ్చుకుంటుంది. కళ్ళజోడు పెట్టింది, పట్టీ పెట్టింది, బ్యాండు పెట్టింది, జిప్పు లాగేసింది.

"సీరియస్‌లీ?" అంటుంది ధృతి.

"అందరికీ వడ్డించి తన కంచం పెట్టుకోడం మర్చిపోయే రకం," అంటుంది అత్తగారు. "గడియ దాటిపోయింది తల్లీ. నీకు మళ్ళీ వచ్చే బుధవారమే. అప్పటిదాకా గడప దాటకు, వెళ్ళినవాళ్ళకి మంచిది కాదు."

"అందరూ వెళ్ళిపోతే ఎక్కణ్ణుంచి వెళ్ళినట్టు?" అంటుంది కార్మెన్ ఆంటీ ఎదురు తలుపులోంచి. "ఒకళ్ళు ఉండాలి. అది రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?" అంటుంది హైమ.

"వెళ్ళినవాళ్ళు."

హైమ గుమ్మం కింద గడపకేసి చూస్తుంది. "గడప దాటకూడదు. అంతేగా అత్తయ్యా?"

"అంతే."

ఈ దేశం ఫ్లాట్లకి గడపలుండవు. వచ్చిన కొత్తలో అత్తగారే చెక్క కొట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టించింది. నాలుగే స్క్రూలు. హైమ వాటిని విప్పేసి, గడపని రెండు చేతుల్తో ముందు పట్టుకుని నడుస్తుంది. ఆమె ఎంత దూరం నడిస్తే అది ఆమెకి అంత ముందే ఉంటుంది.

"దాటలేదు. ఇంట్లోనే ఉంది," అని అత్తగారు సోఫాలోంచి తృప్తిగా చెప్తుంది.

హైవే మీద టోల్ గేట్ మనిషి గడపని చూసి, ఇంట్లో ఉన్నవాళ్ళకి టోల్ లేదంటాడు. ఫోన్లో సీతాపతి. "హైమా, ఇంకా పదకొండు ఇళ్ళే మిగిలాయి. పక్కన చెత్తడబ్బా ఉంది, దాన్నే చూస్తున్నా, ఇళ్ళ వైపు చూడట్లేదు."

"థాంక్సండీ."

"డబ్బా క్రీమైపోయింది. ఇప్పుడెటు చూడాలి?"

"మీ అమ్మగారి మోకాళ్ళని చూడండి."

"అవి అప్పట్నుంచీ క్రీమే." చూపు జారి మళ్ళీ కొండ మీద పడుతుంది. "సారీ, రెండు పోయాయి. తొమ్మిది."

బస్సులో నాలుగు గంటల దారి, ఇంట్లోంచే నడుస్తోంది కాబట్టి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే హైమ కొండ కిందికి చేరుతుంది. కొండంతా క్రీమ్ కలర్, పైన ఓ మూల తొమ్మిది ఇళ్ళు దగ్గరదగ్గరగా నక్కి ఉన్నాయి. ఎక్కాలంటే మెట్లు ఇరుకు, గడప పట్టదు. దాన్ని దించి అవతలికి అడుగేస్తే దాటినట్టే.

ఆమె గడపని నేల మీద అడ్డంగా పెట్టి, ఇవతలే కూర్చుని, చుట్టాలొస్తే జరిగినట్టు కొంచెం పక్కకి జరుగుతుంది.

ముందు నీలం ఇల్లు లేస్తుంది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు తన మెట్లు ఎత్తిపట్టుకుని కొండ దిగుతుంది, గడప ముందు ఆగి, కుడికాలు లోపలికి పెడుతుంది. అప్పుడే కోసిన నేరేడుపండు మీద బూడిద పూత ఉంటుందే, వేలితో తుడవకముందు, ఆ నీలం. అది దడదడలాడుతూ వచ్చి, కిటికీలన్నీ మూసుకుని, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది.

గడప అవతల మిగతా ఎనిమిది ఇళ్ళు వరసగా నిలబడి, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళడుగుతున్నాయి.