అబద్ధమాడే హోస్ట్

స్వర్ణలత డ్రైవర్లు రాస్తుంది. ఆ మాట విని ఉప్పల్లో వాళ్ల ఇంటి ఓనరు సాంబయ్య, పిల్లకు ఆర్టీఏ ఆఫీసులో ఉద్యోగమనుకున్నాడు. తన కొడుక్కి లైసెన్సు ఇప్పించమని కూడా అడిగాడు.

ఆమె పనిచేసేది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, పాత ఫ్యాక్టరీ షెడ్డుకు అద్దాలు బిగించి ఆఫీసు చేసుకున్న ఒక చిన్న కంపెనీలో. పెద్ద సర్వర్ లోపల మరో కంప్యూటరు నడుస్తున్నట్టు ఏర్పాటు చేస్తే దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. దాన్ని కింద నుంచి నడిపించేది హైపర్‌వైజర్. దాన్నే ఆఫీసులో అందరూ హోస్ట్ అంటారు. సర్వర్ ఒకరిది, అందులో దాచుకునే సమాచారం ఇంకొకరిది. హోస్ట్‌ను నడిపేవాడు దొంగే అయినా లోపలి మెమరీ చదవలేడు, దానికి తాళం ఉంది. కంపెనీ అమ్మేది ఆ భరోసానే.

కానీ లోపలి మెషీన్ బయటితో మాట్లాడాలంటే హోస్ట్ చూపించే డివైస్‌లే దిక్కు. వాటితో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవర్. మెషీన్ బాగోగులు చెప్పే డ్రైవర్ని పాస్ చేసే ముందు చదువుతుంటే స్వర్ణలతకు అందులో ఒక లొసుగు దొరికింది. నీ పరిస్థితి ఇంత పొడుగున చెప్పు అని హోస్ట్ ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె ఇద్దరూ ముట్టుకోగల చోట ఉంటుంది. డ్రైవర్ దాన్ని ఒకసారి చూసి సరేననుకుంటుంది. తీరా జవాబు ఇచ్చేటప్పుడు మళ్లీ అక్కడికే వెళ్లి చదువుతుంది. ఆ సందులో హోస్ట్ అంకెను పెంచేస్తే, పక్క మెమరీలో ఉన్నదంతా డ్రైవరే తన చేత్తో తాళం తీసి బయట పోస్తుంది.

"నేను దీన్ని పాస్ చెయ్య సార్," అంది మేనేజర్ ఫణీంద్రతో.

ఫణీంద్రది కాకినాడ. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. "పేరున్న కంపెనీ సర్వర్లమ్మా అవి. వాళ్లెందుకు అబద్ధమాడతారు?"

"ఆడతరని నేనన్లే. ఆడినా ఏం కాదని మనమే కదా సార్ అమ్ముతున్నం?"

"హోస్ట్ ఇచ్చే ప్రతీదీ ముందు లోపలికి కాపీ చేసుకుని చూస్తూ పోతే స్పీడ్ పడిపోతుంది. క్లయింటుకి మాటిచ్చేశాం."

ఆ క్లయింటు ఊరంతా మానసిక వైద్యం చేసే క్లినిక్‌లు నడిపే సంస్థ. స్వర్ణలత చెల్లెలు రాణి ఒకప్పుడు వేరే చోట అలాంటి వైద్యమే తీసుకుంది. ఎవరి నోట జారిందో, కాలనీ అంతా పాకింది. బడిలో పిల్లల తల్లులు గుసగుసలు పోతుంటే భరించలేక రాణి టీచరు పని మానేసింది.

ఆ సంగతి ఫణీంద్రకు తెలుసు. "ఇది నీకు పర్సనల్ అయిపోయింది స్వర్ణా," అన్నాడు మెల్లగా.

"అయింది సార్. అయితే ఏంది?"

మర్నాటికి ఆ కోడ్ చూసే పని ఆమె నుంచి తీసేసి దుర్గేష్‌కు ఇచ్చారు. దుర్గేష్ ఆమె పక్క సీటువాడే. టీ బండి దగ్గర గ్లాసు చేతిలో తిప్పుతూ, "అక్కా, నేను ఓకే కొట్టకుంటే ఇంకొకనికిస్తరు. గంతే," అన్నాడు.

"కొట్టు తమ్మీ. నీతోని నాకు లొల్లి లేదు. టెస్ట్ సర్వర్ మాత్రం జర నాకియ్యి."

ఆ సర్వర్‌లోని హోస్ట్‌ను విప్పి ఆమె దానికి అబద్ధమాడటం నేర్పింది. ముందు చిన్న అంకె చూపించడం, డ్రైవర్ తలూపగానే పెద్ద అంకె పెట్టడం. మొదట్లో అదను కుదిరేది కాదు, మెషీన్ కూలిపోయేది. కసిగా మళ్లీ మళ్లీ రాసింది.

క్లయింటు తరఫున డెమో చూడటానికి కీర్తన వచ్చింది. డెమో సాఫీగా అయింది. అందరూ బిర్యానీకి లేవబోతుంటే స్వర్ణలత నిలబడింది.

"మేడమ్, ఒక్క నిమిషం. ఇప్పటిదాంక హోస్ట్ మంచిదనుకొని సూపించినం. జర చెడ్డదనుకుందాం."

"స్వర్ణా, కూర్చో," అన్నాడు ఫణీంద్ర.

కూర్చోలేదు. బటన్ నొక్కింది. తాళం వేసిన మెషీన్‌లోంచి పేర్లు, జబ్బులు, మందులు హోస్ట్ తెర మీదికి బిలబిలా వచ్చి పడ్డాయి. పరీక్ష కోసం కల్పించిన పేర్లే అవి. అయినా కీర్తన ముఖం పాలిపోయింది.

"ఇది మీకు ముందే తెలుసా?" అని అడిగింది ఫణీంద్రని.

ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. "తెలుసండి. స్పీడ్ తగ్గుతుందని నేనే ఆపాను."

"తగ్గనివ్వండి," అని కీర్తన బ్యాగు సర్దుకుంది. "ఇది బాగయ్యేదాకా మా పేషెంట్ల వివరాలు ఒక్కటి కూడా ఇందులోకి రావు."

క్షమాపణ చెప్పమంటూ స్వర్ణలతకు హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. అడక్కుండా డెమో మార్చినందుకు సారీ, చూపించినందుకు చెప్పను, అని జవాబు రాసి పంపింది. ఆమెకున్న టీమ్ లీడ్ హోదా పోయింది. ఇంట్లో తెలిసి రాణి, "నా గురించేనా?" అని అడిగింది. "నీ గురించి కూడా," అంది స్వర్ణలత.

డ్రైవర్ని మాత్రం ఆమే బాగుచేసింది. అంకెను ఒక్కసారే లోపలికి తెచ్చుకుని, అక్కడే తూచి, ఆ కాపీనే వాడేలా మార్చింది. హోస్ట్ హద్దు మీరి అడిగితే ఆ డివైస్‌ను మూసేయడమే. దుర్గేష్ సిగ్గుపడుతూనే వచ్చి, ఆ అబద్ధాల హోస్ట్‌ను ప్రతి కొత్త కోడ్ మీదికీ వదిలే ఏర్పాటు చేశాడు. డిస్క్ డ్రైవర్‌లోనూ సందులు దొరికాయి.

చాలారోజులు మాట్లాడని ఫణీంద్ర ఒక మధ్యాహ్నం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"మనం అడగకముందే హోస్ట్ జవాబిచ్చేస్తే?"

ఆమె ఆ అబద్ధం రాసి చూసింది. మెషీన్ దభీమని కూలింది.

"ఇంకెన్ని ఉన్నాయమ్మా ఇలాంటివి?"

"తెల్వదు సార్," అంటూ ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "ఒక్కటి కూడా ఇడిసిపెట్ట."