పసుపు రాసిన ఏతం

ఆ ఊరి ఆడపిల్లలకు బుద్ధులు చెప్పడానికి పెద్దలు నోరు నొప్పి పెట్టుకోనక్కర్లేదు. ఊడ్పుల జట్టు చాలు. ఒకరి చేలో ఒకరు బదులుకు నాట్లు వేసుకునే ఈడు పిల్లల జట్టు అది. పళ్లు కనపడేలా నవ్వకూడదు. మగాళ్లకు ఎదురు నడవకూడదు. ఈ చట్టాలు ఎవరు చేశారో ఎవరికీ తెలియదు గాని, తప్పినవాళ్లను వెలెయ్యడం మాత్రం జట్టుపెద్ద పద్మకుమారికి వెన్నతో పెట్టిన విద్య.

ఇప్పుడు ఆ వేటు తాయారు మీద పడింది. చేసిన నేరం, నూతిలోంచి నీళ్లు తోడే ఏతం ఎక్కడం.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు లేదు. తాయారు తండ్రి అసిరయ్య చీపురుపల్లి సంత నుంచి వస్తూ, బండి బోల్తాపడి కాలు విరిగి మంచాన పడ్డాడు. మడిలో చోడినారు తలలు వాల్చేస్తోంది. అది పోతే ఇంటిల్లిపాదికీ ఆ ఏడు రాగి అంబలి ఉండదు. మగాళ్లందరూ ఎవరి నూతి దగ్గర వాళ్లే. అందుకని ఊరు లేవకముందే తల్లి జగ్గమ్మ నూతి గట్టున నిలబడి బాన ముంచేది. తాయారు గోచీ పోసి చీర బిగించి ఏతం దూలమెక్కేది. ముందుకు నడిస్తే బాన నూతిలోకి దిగేది, వెనక్కి నడిస్తే నిండుగా పైకొచ్చేది. ఎవరైనా వింటారని ఇద్దరూ పెదవి విప్పేవారు కారు.

మొదటిరోజు దూలం మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. తర్వాత దూలం ఆమె మాట వినడం మొదలెట్టింది. తను తోడిన నీళ్లు మడిలోకి పారుతుంటే పైనుంచి చూసి తాయారు పొంగిపోయింది.

పేడ ఎత్తడానికి తెల్లవారకుండా వచ్చిన పద్మకుమారి కంట అది పడనే పడింది.

"ఓలమ్మో! ఆడగుంట ఏతమెక్కితే నుయ్యెండిపోద్దే!"

చద్దన్నాల వేళకల్లా జట్టంతా తాయారు వాకిట్లో ఉంది.

"పసుపూ కుంకం అట్టుకొచ్చి అందరి ముందూ నూతికి తప్పు సెప్పుకో. మరెప్పుడూ ఎక్కనని ఒట్టెయ్. నేకపోతే నీ సేనికి ఒక్కలమూ ఊడ్పుకి రాము," అంది పద్మకుమారి. తాయారుకు ప్రాణస్నేహితురాలు బుజ్జమ్మ నేల చూపులు చూసింది.

వాళ్లు వెళ్లాక జగ్గమ్మ కూతురి గడ్డం పట్టుకుంది. "నలుగురితో పాటు నారాయణా అనీవే. ఒక్క మాటంటే ఏటి పోద్ది?"

"నారు పోద్దమ్మా. ఒట్టేసేస్తే రేపట్నుంచి ఎవులు తొక్కుతారు?"

ఒట్టేస్తే నారు ఎండుతుంది, వెయ్యకపోతే ఊడ్చే చేతులుండవు.

మర్నాడు పట్టపగలు జట్టు గట్టు మీద బారులు తీరింది. జగ్గమ్మ పళ్లెం పట్టుకొచ్చింది. తాయారు పసుపు చేతిలోకి తీసుకుంది. పద్మకుమారి మొహాన చిరునవ్వు మెరిసింది.

తాయారు నూతి గట్టు దాటి నేరుగా ఏతం దగ్గరికి నడిచింది. ఏటా మొదటిసారి తొక్కేముందు తండ్రి చేసినట్టే దూలానికి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి దండం పెట్టింది. గోచీ పోసి పైకెక్కింది.

"ఒసే! ఏటే నీ పొగరు!"

"పొగరే పద్మా! మా అయ్య కాలిరిగితే మా నారెండనివ్వని పొగరు. నుయ్యెండిందేటో ఒంగి సూడండి!"

ఒక్కరూ వంగలేదు.

కాని కింద బాన ముంచేవాళ్లు లేకపోతే పైన ఎంత నడిచినా చుక్క నీరు రాదు. చీకట్లో పులిలా పనిచేసిన జగ్గమ్మకు, నలుగురి కళ్లూ మీద పడేసరికి పళ్లెం పట్టుకున్న చోటు నుంచి అడుగు పడలేదు. తాయారు తల్లిని పిలవలేదు. దూలం మీద నిలబడి చూసింది.

జగ్గమ్మ పళ్లెం కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టి బాన పట్టుకుంది.

"తొక్కే! నా కూతురు తొక్కితే నాను ముంచుతాను. సూసినోల్లని సూడనీ!"

తాయారుకు గుండె నిండిపోయింది. ఇన్నాళ్లూ మింగేసిన ఏతం పాట గొంతెత్తి అందుకుంది. పైనుంచి బానల లెక్క పాడితే కింద నుంచి వంత రావాలి. జగ్గమ్మకు ఆయాసం వచ్చి వంత తెగిపోయింది.

గట్టు మీద నుంచి ఇంకో గొంతు దాన్ని అందుకుంది. బుజ్జమ్మది. పద్మకుమారి గుడ్లురిమింది. బుజ్జమ్మ వంత మాత్రం ఆగలేదు.

ఊడ్పులనాడు తాయారు చేనికి జట్టులో సగమే వచ్చారు. పొద్దు వాలినా పని తెమల్లేదు. అసిరయ్య మంచం గట్టు మీదకి మోయించుకుని పచ్చటి చేను చూస్తూ పడుకున్నాడు. దారినపోతున్న సోములు ఆగి, అంతా తెలిసే వెటకారంగా అడిగాడు.

"ఒరే అసిరీ, కాలిరిగి నువ్వు మంచం మీదున్నావు గదా. మరి నీ ఏతం ఎవులు తొక్కినార్రా?"

అసిరయ్య మోచేతి మీద పైకి లేచాడు.

"మా తాయారు," అన్నాడు, అవతలి చేలో ఉన్న పద్మకుమారికి కూడా వినపడేలా.